ఎనిమిది గంటల బిల్డప్, రెండు కథలు

భూమి లోపల అడ్డంగా పడుకుని సాగే హారిజాంటల్ చమురు బావి వెల్ టెస్ట్ రిపోర్టు చేతికొస్తే నేను ముందుగా వెతికేది బావిని ఎన్ని గంటలు మూసి ఉంచారన్న సంగతి. చాలా రిపోర్టుల్లో అది ఎక్కడో వెనక అనుబంధంలో దాక్కుని ఉంటుంది. మొదటి పేజీలో రంగుల గ్రాఫు, కొలిచిన చుక్కల మీదుగా ఎక్కడా తొణక్కుండా సాగిపోయే మోడల్ గీత. కింద పట్టికలో అడ్డ పర్మియబిలిటీ, నిలువు పర్మియబిలిటీ, స్కిన్, పారుతున్న బావి పొడవు, అన్నీ దశాంశాలతో సహా. గీత అంత బాగా కూర్చుంది కాబట్టి పట్టిక కూడా నిజమే అయి ఉంటుందని చదివేవాళ్లు నమ్మేస్తారు.

నేను నమ్మను. ఆ పట్టికలో సగం అంకెలు చాలాసార్లు టెస్టు మొదలవకముందే ఇంజినీరు దగ్గర ఉన్నవి. మోడల్‌లోకి ఆయనే వేశాడు, మోడల్ మర్యాదగా వెనక్కి ఇచ్చింది. వాటిని 'టెస్టు ఫలితాలు' అనే శీర్షిక కింద రాయకూడదన్నదే నా గొడవ. ఇది చాదస్తమని మా ఆఫీసుల్లో అనేవాళ్లున్నారు. చాదస్తం కాదని అంకెలతోనే చూపిస్తాను.

ముందు, ఈ పనితో పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. కోనసీమ వైపు వాళ్లకి గ్యాస్ బావి టెస్టింగ్ అనగానే గుర్తొచ్చేది కొబ్బరి చెట్ల పైన ఎర్రగా కనిపించే మంట. మాకు అసలు పని ఆ మంట ఆరిపోయాక మొదలవుతుంది. బావిని కొంతకాలం పారించి, ఒక్కసారిగా మూసేస్తారు. పారినంతసేపూ బావి చుట్టూ రాతిలో ప్రెషర్ తగ్గి ఉంటుంది. మూయగానే దూరం నుంచి చమురో గ్యాసో వచ్చి ఆ లోటును పూడుస్తూ పోతుంది. లోపల దించిన గేజ్ ఆ పెరుగుదలను సెకన్ల లెక్కన రాసుకుంటుంది. దీన్నే బిల్డప్ అంటాం. పెరిగిన తీరును బట్టి రాయి తనలోంచి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో, అంటే పర్మియబిలిటీ ఎంతో, లెక్కగడతాం. రాతి పొర వెంట ఎంత పోనిస్తుందన్నది అడ్డ పర్మియబిలిటీ, పైకీ కిందికీ ఎంతన్నది నిలువు పర్మియబిలిటీ. బావి గోడ చుట్టూ డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద) వల్ల రంధ్రాలు పూడుకుపోయాయా లేదా అన్నదానికి స్కిన్ అని ఇంకో అంకె ఉంటుంది. పాజిటివ్ అయితే నష్టం, నెగటివ్ అయితే లాభం.

ఈ గణితం మొదట చమురు కోసం పుట్టింది కూడా కాదు. 1935లో అమెరికా జియలాజికల్ సర్వే ఉద్యోగి చార్లెస్ థీస్, ఘనపదార్థంలో వేడి పాకే లెక్కను అరువు తెచ్చుకుని భూగర్భజలాలకు వాడాడు. 1951లో హార్నర్ ఇచ్చిన బిల్డప్ గ్రాఫు ఇప్పటికీ పాఠాల్లో ఉంది. మా పనిని నిజంగా మార్చింది మాత్రం 1983లో బూర్దే, ఆయన తోటివాళ్లు తెచ్చిన ప్రెషర్ డెరివేటివ్. కాలాన్ని లాగరిథమ్‌లో తీసుకుని, ప్రెషర్ ఎంత వాలుతో పెరుగుతోందో గీస్తే వచ్చే గీత అది. నిలువు బావి చుట్టూ ద్రవం అన్ని వైపుల నుంచీ సమంగా వస్తున్నప్పుడు ఆ గీత చదునుగా పడుకుంటుంది. చదును ఎంత ఎత్తులో ఉందో చూస్తే పర్మియబిలిటీ తెలిసిపోతుంది. నిలువు బావిలో పని అంత హాయిగా ఉంటుంది.

హారిజాంటల్ బావి ఈ హాయిని చెడగొట్టింది. ఇటలీ తీరంలో రోస్పో మారే దగ్గర 1980ల మొదట్లో ఫ్రెంచి కంపెనీ ఎల్ఫ్ ఈ రకం బావులు లాభసాటిగా ఉంటాయని చూపించాక ప్రపంచమంతా వాటి వెంట పడింది. బావి చమురున్న రాతి పొరలోకి దిగాక మలుపు తిరిగి వేల అడుగులు పొర వెంటే పడుకుని పోతుంది. మలుపు తిరిగే చోటుని హీల్ అనీ, చివరని టో అనీ అంటాం. మూసిన తర్వాత ఈ బావి డెరివేటివ్ ఒక్క చదునుతో ఊరుకోదు. ముందు గొట్టంలో ఉన్న ద్రవమే సర్దుకునే దశ, అది వెల్‌బోర్ స్టోరేజ్. తర్వాత బావి చుట్టూ అడ్డకోతలో గుండ్రంగా ద్రవం వచ్చే దశ, పొర పైకప్పూ అడుగూ తగిలేదాకా ఇది నడుస్తుంది. ఇక్కడ మొదటి చదును. అవి తగిలాక ద్రవం రెండు పక్కల నుంచి తిన్నగా నడిచొస్తుంది. అప్పుడు గీత అర వాలుతో పైకి లేస్తుంది, అంటే కాలం వంద రెట్లయితే డెరివేటివ్ పది రెట్లవుతుంది. చివరికి, చాలా దూరం నుంచి చూస్తే ఇంత పొడవు బావి కూడా చిన్న గీతే కాబట్టి, అన్ని దిక్కుల నుంచీ ద్రవం చేరే దశ వస్తుంది. అక్కడ రెండో చదును. అడ్డ పర్మియబిలిటీని సూటిగా చెప్పేది ఈ రెండో చదునే.

అది ఎప్పుడొస్తుంది? ఒక మామూలు బావిని తీసుకుందాం. పొర మందం 50 అడుగులు, బావి సరిగ్గా మధ్యలో, పొడవు 2000 అడుగులు. అడ్డ పర్మియబిలిటీ 10 మిల్లీడార్సీలు (పర్మియబిలిటీని కొలిచే యూనిట్ ఇది), నిలువు పర్మియబిలిటీ 1. రాతిలో ఖాళీ 20 శాతం, చమురు చిక్కదనం 1 సెంటీపాయిజ్, కంప్రెసిబిలిటీ, అంటే ప్రెషర్‌కి నలిగే గుణం, పీఎస్‌ఐకి లక్షలో ఒక వంతు. 1990లో ఓడే, బాబు ప్రచురించిన సూత్రాల్లో ఈ అంకెలు వేస్తే, మొదటి చదును 2 గంటల 15 నిమిషాలకు ముగుస్తుంది. అర వాలు 128 గంటల దాకా నడుస్తుంది. రెండో చదును మొదలయ్యేది 1184 గంటలకు.

అంటే 49 రోజులు. రోజుకి 3000 బ్యారెళ్లు ఇచ్చే బావిని 49 రోజులు మూస్తే 1,47,000 బ్యారెళ్లు వాయిదా పడతాయి. ఏ మేనేజరు సంతకం పెడతాడు? ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఇస్తాడు. పైగా మూసే ముందు బావి పారింది నాలుగు రోజులే అయితే, 49 రోజులు మూసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బిల్డప్‌లో వినిపించేది పారినప్పుడు రాతిలోకి పంపిన కబురుకి జవాబే కదా.

ఇక్కడ అందరికీ తెలిసిన ప్రమాదం ఒకటుంది, త్వరగా చెప్పి వదిలేస్తాను. మొదటి చదునుని రెండోదిగా పొరబడడం. పై బావిలో మొదటి చదును ఎత్తు రెండోదానిలో దాదాపు పన్నెండో వంతు. నిలువు బావి అలవాటుతో దాన్ని పట్టుకుని 50 అడుగుల మందంతో భాగిస్తే పర్మియబిలిటీ 126 మిల్లీడార్సీలని వస్తుంది. అసలుది 10. ఈ రోజుల్లో హారిజాంటల్ మోడల్ పెట్టకుండా ఎవరూ విశ్లేషించరు కాబట్టి ఇది తగ్గింది.

తగ్గనిది వేరే ఉంది. మొదటి చదును మనకిచ్చేది బావి పొడవునీ, రెండు పర్మియబిలిటీల లబ్ధం వర్గమూలాన్నీ గుణించిన ఒకే ఒక్క అంకె. అర వాలు ఇచ్చేది పొడవునీ, అడ్డ పర్మియబిలిటీ వర్గమూలాన్నీ గుణించిన ఇంకో అంకె. రెండిటినీ భాగిస్తే పొడవు ఎగిరిపోయి నిలువు పర్మియబిలిటీ ఒక్కటే తేలుతుంది. పొడవు, అడ్డ పర్మియబిలిటీ మాత్రం ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. విడదీయడానికి చేతిలో మూడో సమాచారం లేదు.

ఇప్పుడు పై బావినే ఇంకో కథగా చెప్తాను. డ్రిల్ చేసింది 2000 అడుగులే, కానీ సగం మడ్‌తో పూడుకుపోయి 1000 అడుగులే పారుతోంది. అడ్డ పర్మియబిలిటీ 40, నిలువుది 1. లెక్క వేసి చూడండి. మొదటి చదును ఎత్తు అదే. అది ముగిసే సమయం కూడా అదే, 2 గంటల 15 నిమిషాలు. అర వాలు గీత ఎక్కడుందో అక్కడే. రెండో కథలో అర వాలు 8 గంటలకు వంగడం మొదలవుతుంది, మొదటి కథలో 128కి. ఎనిమిది గంటల లోపు ఈ రెండు బావుల్నీ ఎంత ఖరీదైన గేజ్ పెట్టినా విడదీయలేరు.

మొన్నామధ్య కాకినాడ కుర్రాడొకడు ఇలాంటి ఫైలే స్క్రీన్ మీద చూపించాడు. "సార్, ఫిట్ సూపర్‌గా వచ్చింది, ఎర్రర్ ఒక శాతం కూడా లేదు" అన్నాడు.

"పొడవు ఎంత పెట్టావయ్యా?"

"డ్రిల్ చేసింది మొత్తం పెట్టేశాను సార్."

"దాన్ని సగం చేసి, పర్మియబిలిటీని దాని ఇష్టానికి మారనిచ్చి, మళ్లీ రిగ్రెషన్ నడిపించు."

కాసేపు కీబోర్డు చప్పుడు. "ఇదీ కూర్చుంది సార్." ఇంకాసేపు ఆగి, "మరి ఏది రాయమంటారండి?"

రెండూ రాయమన్నాను. తెలివైన కుర్రాడు, వెంటనే అసలు విషయం పట్టుకున్నాడు: "మరి సాఫ్ట్‌వేర్ పర్మియబిలిటీ పక్కన ప్లస్ ఆర్ మైనస్ రెండు శాతం అని చూపిస్తోందేంటి సార్?" ఆ రెండు శాతం పొడవు కచ్చితంగా 2000 అనుకుంటే వచ్చే రెండు శాతం. పొడవుని బిగించేశాక మిగిలినవన్నీ బుద్ధిగా కూర్చుంటాయి. పొడవుని కూడా మారనిస్తే ఆ ప్లస్ ఆర్ మైనస్ పట్టీ నాలుగు రెట్ల దాకా సాగుతుంది. రిపోర్టులో మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

రెండు కథల్లో ఏదైతే ఏం, చమురు వస్తోంది కదా అనొచ్చు. తేడా డబ్బుల్లో ఉంది. మొదటి కథ నిజమైతే బావి బాగానే ఉంది, రాయే అంతంతమాత్రం. చేసేదేం లేదు. రెండో కథ నిజమైతే మంచి రాతిలో వెయ్యి అడుగుల బావి ఊరికే పడి ఉంది. యాసిడ్ జాబ్ చేస్తే, అంటే యాసిడ్ పంపి ఆ పూడికని కరిగిస్తే, లేస్తుంది. ఒకదానిలో యాసిడ్ దండగ, ఇంకోదానిలో చేయకపోవడం దండగ.

అలాగని చిన్న టెస్టు పనికిరాదని కాదు నా మాట. అది హద్దులు చెప్పగలదు. అర వాలు ముగిసే సమయం ఈ రకం బావిలో పొడవు నాలుగో ఘాతంతో మారుతుంది. 24 గంటలు మూశారు, చివరిదాకా అర వాలు చెక్కుచెదరలేదు అనుకుందాం. అప్పుడు పారుతున్న పొడవు సుమారు 1300 అడుగులకు తక్కువ ఉండటానికి వీల్లేదు, అడ్డ పర్మియబిలిటీ 23కి మించడానికి వీల్లేదు. డ్రిల్ చేసింది 2000 కాబట్టి పర్మియబిలిటీ 10కి తగ్గదు. '10 నుంచి 23 మధ్య, పొడవు 1300 నుంచి 2000 మధ్య, రెండూ కలిసే మారతాయి' అని ఒక వాక్యం. 24 గంటల టెస్టు నిజంగా సంపాదించిపెట్టింది ఇదే, తక్కువేం కాదు. దాన్ని పారేసి '10.34' అని రాసుకోవడం దేనికి?

స్కిన్ దగ్గర ఇంకో తమాషా. హారిజాంటల్ బావికి పొడవే పెద్ద బలం కాబట్టి, దాన్ని నిలువు బావితో పోల్చి లెక్కగట్టే మొత్తం స్కిన్ మామూలుగా బాగా నెగటివ్‌గానే వస్తుంది. మన బావికి ఏ నష్టమూ లేకపోతే అది మైనస్ 7 దగ్గర ఉంటుంది. ఇప్పుడు గోడ చుట్టూ ప్లస్ 5 నష్టం జరిగిందనుకోండి. నిలువు బావిలో 5 అంటే అందరూ లేచి కూర్చుంటారు. ఇక్కడ అది పొడవు మీద పరుచుకుపోయి మొత్తం స్కిన్‌ని 0.4 మాత్రమే కదుపుతుంది, మైనస్ 6.6 అవుతుంది. రిపోర్టు చదివినవాళ్లు "మైనస్ 6.6, బ్రహ్మాండం" అనుకుని ఫైలు మూసేస్తారు. కానీ మైనస్ 7 దగ్గర బావికి మిగిలున్న అడ్డంకే చాలా తక్కువ, అందులో 0.4 చిన్న వాటా కాదు. నష్టం బావి పొడవునా ఒకేలా కూడా ఉండదు. హీల్ దగ్గర రాయి మడ్‌లో ఎక్కువ రోజులు నానుతుంది, టో దగ్గర తక్కువ. ఒక్క స్కిన్ అంకె వీటన్నిటినీ కలిపి సగటు చేసేస్తుంది. నన్నడిగితే నెగటివ్ స్కిన్‌ని చూసి మురిసిపోయే అలవాటు ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

ఇప్పటిదాకా మొదటి చదును కనిపిస్తుందనే అనుకున్నాం. అదీ చాలాసార్లు కనిపించదు. పడుకున్న బావి కాగితం మీద గీతలా ఉంటుంది కానీ నిజంలో ఎత్తుపల్లాలతో మెలికలు తిరుగుతుంది. పల్లాల్లో నీళ్లు, మిట్టల్లో గ్యాస్. గేజ్‌ని మామూలుగా హీల్‌కి పైన, గొట్టం ఇంకా వాలుగా ఉన్న చోట పెడతారు. మూయగానే గ్యాస్ పైకి, నీళ్లు కిందికి సర్దుకుంటూ గేజ్‌కి తప్పుడు కబుర్లు చెప్తాయి. పైన వెల్‌హెడ్ దగ్గర మూస్తే మొత్తం గొట్టం స్టోరేజ్ కూడా తోడవుతుంది. ఆ 2 గంటల 15 నిమిషాలూ ఈ గోలలోనే పోతాయి. నిలువు పర్మియబిలిటీ కూడా చేజారిపోతుంది. బావి అడుగునే మూసే వాల్వు పెట్టించుకోవాలంటే టెస్టు ప్రోగ్రామ్ రాసేటప్పుడే పోట్లాడాలి, గ్రాఫు వచ్చాక పోట్లాడి లాభం లేదు.

రాయి బాగుంటే ఈ కష్టాలన్నీ తీరతాయా? నార్వే తీరంలో ట్రోల్ ఫీల్డ్ చూడండి. 1979లో దొరికింది. పైన బ్రహ్మాండమైన గ్యాస్, కింద నీరు, మధ్యలో చమురు పలచగా. పశ్చిమ భాగంలో మొదట్లో మంచి చోట్ల 22 నుంచి 26 మీటర్లు, మిగతా చోట్ల 11 నుంచి 13 మీటర్లు. హారిజాంటల్ బావులే లేకపోతే ఆ చమురు తీసేవాళ్లు కాదు. 1995 నుంచి తీస్తున్నారు. అక్కడి ఇసుకరాయి పర్మియబిలిటీ డార్సీల్లో ఉంటుంది. మన ఉదాహరణ బావిని ఒక డార్సీ (వెయ్యి మిల్లీడార్సీలు) రాతిలో పెడితే రెండో చదును 12 గంటల లోపే వచ్చెయ్యాలి. కానీ పైన గ్యాస్ టోపీ ఉన్నప్పుడు అది ప్రెషర్‌ని పట్టి నిలబెట్టేస్తుంది, డెరివేటివ్ కిందికి జారిపోతుంది, రెండో చదును రానే రాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, రాయి అంత ధారాళంగా వదిలినప్పుడు గొట్టం లోపలి రాపిడే లెక్కలోకి వస్తుంది. హీల్ దగ్గర లాగినంత టో దగ్గర లాగదు. మన మోడళ్లు చాలావాటిలో బావి లోపల ప్రెషర్ అంతటా ఒకటే. ట్రోల్ కోసమే నార్స్క్ హైడ్రో వాళ్లు 1990ల్లో ప్రవాహాన్ని పొడవునా సమం చేసే పరికరాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది.

సముద్రం మీద మంచి రాతిలో ఇంకోటి గమనించాలి. ప్రెషర్ మార్పు చాలా చిన్నది కాబట్టి డెరివేటివ్ చివర్లో అలల్లా ఊగుతుంది. ఆ ఊగుడికి ఫాల్ట్ (రాతి పొరల్లో విరుపు) అనీ, రెండో పొర అనీ పేర్లు పెట్టినవాళ్లను చూశాను. మామూలు కాలం అక్షం మీద గీసి చూస్తే శిఖరం నుంచి శిఖరానికి 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అది సముద్రపు పోటు. తీసేసి చూడాలి, అంతే. స్మూతింగ్ పెంచి దాచేస్తే ఊగుడు పోయి దాని స్థానంలో ఒక అందమైన అబద్ధపు వాలు మిగులుతుంది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, హారిజాంటల్ తవ్వే ముందు పైలట్ హోల్ అనే పరీక్ష బావిని నిలువుగా దించి అక్కడ టెస్టు చేయండి. నిలువు బావిలో చదును కొన్ని గంటల్లోనే వస్తుంది. అడ్డ పర్మియబిలిటీ అక్కడ తెలిసిపోతే, తర్వాత హారిజాంటల్ బిల్డప్‌లో అతుక్కున్న జంట విడిపోతుంది, పొడవు బయటికొస్తుంది. కోర్ ముక్కల్లో, అంటే బావిలోంచి తీసిన రాతి ముక్కల్లో, కొలిచిన నిలువు పర్మియబిలిటీని మాత్రం నేరుగా వాడకండి. వేలెడు ముక్కలో లేని పలచటి షేల్ పొర, ద్రవాన్ని పోనివ్వనిది, రిజర్వాయర్‌లో (చమురున్న రాతిలో) వందల అడుగులు పరుచుకుని ఉండొచ్చు. పైలట్ హోల్‌కి డబ్బుల్లేవంటారు. అదే కంపెనీ తర్వాత తేలని బిల్డప్ మీద రెండు రోజుల ఉత్పత్తి పోగొట్టుకుంటుంది, ఆ ఖర్చు మాత్రం ఎవరి బడ్జెట్‌లోనూ కనిపించదు.

రెండోది శాశ్వతంగా లోపల ఉండే గేజ్. తుఫానుకో, ప్లాట్‌ఫామ్ మరమ్మతుకో బావి ఎలాగూ మూతపడుతూనే ఉంటుంది. ఆ మూతలన్నీ ఉచితంగా వచ్చిన బిల్డప్‌లే. ఈ శతాబ్దం మొదట్లో ఇంపీరియల్ కాలేజ్‌లో వాన్ ష్రోటర్, హోలెండర్, గ్రింగార్టెన్ తెచ్చిన డీకన్వల్యూషన్ పద్ధతి, ఇలా విడివిడిగా ఉన్న మూతల్ని కలిపి ఒకే పొడుగాటి టెస్టులా చూపిస్తుంది. 49 రోజుల గీత ఒక్కరోజు కూడా అదనంగా మూయకుండా దొరకొచ్చు. షరతు ఒక్కటే, బావి ఎప్పుడు ఎంత పారిందో సరిగ్గా తెలియాలి. నెలాఖరున ఫీల్డ్ మొత్తం ఉత్పత్తిని బావులకు పంచి రాసిన అలొకేషన్ రేట్లు వేస్తే, లేని ఫాల్టులు పుట్టుకొస్తాయి.

గ్యాస్ బావుల గురించి ఎక్కువ చెప్పను. ప్రెషర్ బదులు, ప్రెషర్‌తో గ్యాస్ గుణాలు మారడాన్ని కూడా కలుపుకున్న సూడో-ప్రెషర్ వాడాలి, పైన చెప్పిన చిక్కులన్నీ అలాగే ఉంటాయి. అడుగుకి వచ్చే ప్రవాహం తక్కువ కాబట్టి రేటుతో పెరిగే స్కిన్ బెడద మాత్రం నిలువు బావిలో కంటే తక్కువ.

నా మీద వచ్చే ఎదురు వాదన నాకు తెలుసు. సిమ్యులేషన్ వాళ్లకి ఒక్క అంకె కావాలి, '10 నుంచి 23' అని గడిలో టైప్ చేయలేరు. నిజమే. కానీ పొడవు, పర్మియబిలిటీ జంటగా మారతాయని చెప్తే రెండు చివర్లతో రెండుసార్లు మోడల్ నడపొచ్చు, అదొక మధ్యాహ్నం పని. రెండిటిలో అంచనాలు ఒకేలా వస్తే గొడవే లేదు. తేడా వస్తే ఆ తేడాను తీర్చడానికి ఏం కొలవాలో అప్పుడు తెలుస్తుంది. సాధారణంగా కొలవాల్సింది పొడవే. కాయిల్డ్ ట్యూబింగ్ (చుట్టగా చుట్టి ఉండే సన్న గొట్టం) మీదో, బావి లోపల పాకే ట్రాక్టర్ అనే పరికరం మీదో ప్రొడక్షన్ లాగ్ దింపి ఎక్కడెక్కడ పారుతోందో చూడాలి. చమురూ నీరూ పొరలుగా విడిపోయి పారే బావిలో మామూలు స్పిన్నర్ (ప్రవాహానికి తిరిగే చిన్న రెక్కల చక్రం) తప్పు చెప్తుంది, అడ్డకోత మొత్తం చూసే పరికరం అడగాలి. అందులో 1500 అడుగులు పారుతోందని తేలిందనుకోండి, బిల్డప్ ఇచ్చిన లబ్ధంలోంచి అడ్డ పర్మియబిలిటీ 18 అని ఒక్క లెక్కలో వస్తుంది. పట్టికలో ఆ 18 పక్కన 'బిల్డప్, ప్రొడక్షన్ లాగ్ కలిపి' అనీ, మందం పక్కన 'లాగ్ నుంచి' అనీ, పోరాసిటీ (రాతిలో ఖాళీ) పక్కన 'కోర్ నుంచి' అనీ ఇంకో నిలువు వరస చేర్చమని నేను అందరినీ అడుగుతుంటాను. కాకినాడ కుర్రాడు చేర్చాడు. వాళ్ల బాసు టెంప్లేట్‌లో లేదని తీసేయమన్నాడట, మళ్లీ చేర్చి పంపాడు.